రైలు స్టేషన్ రచ్చబండ అవుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డ్రాయింగులు గీసి బతికేవాణ్ణి. ఉండేది విజయనగరం. స్టేషన్ల బయట జాగాలు, బస్టాపులు, కూడళ్ళు ఎలా ఉంటే జనం నిలబడతారు, ఎలా ఉంటే పారిపోతారు అన్నది కొన్నేళ్ళుగా నా పిచ్చి. కింది ప్రశ్నలన్నీ మీటింగుల్లోనూ, టీ బడ్డీల దగ్గరా నన్ను అడిగినవే. కొన్నిటికి జవాబు పొడుగు, కొన్నిటికి ఒక్క ముక్క. ఏది ముఖ్యమో దాన్ని బట్టి రాశాను తప్ప కొలత పెట్టుకుని రాయలేదు.

మనకి లైట్ రైలే లేదు. లైట్ రైల్ స్టేషన్ల గొడవ మనకెందుకు?

లేదనకండి, ఉండేది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా ఒడిశాలోని పర్లాకిమిడి దాకా 1900 ఏప్రిల్ 1న ఒక చిన్న రైలు మొదలైంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల పట్టా అది. కాగితాల మీద దాని పేరే పర్లాకిమిడి లైట్ రైల్వే. 1931 నాటికి గుణుపూర్ చేరింది, మొత్తం 90 కిలోమీటర్లు. బ్రాడ్ గేజ్ చెయ్యడానికి 2004లో ఆపేశారు. 2011కి పెద్ద పట్టా గుణుపూర్ దాకా వెళ్ళింది.

ఆ రోజుల్లో లైట్ అంటే పట్టా తేలిక, ఇంజను తేలిక, ఖర్చు తేలిక. ఇప్పుడు ప్రపంచంలో లైట్ రైల్ అంటున్నది వేరు, అది రోడ్డు మీద నడిచే కరెంటు బండి. రెంటికీ పేరు తప్ప చుట్టరికం లేదంటారు ఇంజనీర్లు. నాకు మాత్రం ఒక పోలిక కనిపిస్తుంది. రెంటికీ స్టేషన్ అంటే కోట కాదు. గోడ ఉండదు, గేటు ఉండదు, ఊళ్ళోంచి నడుస్తూ నడుస్తూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చేస్తావు. చిన్న రైలు రోజులు చూసిన పెద్దవాళ్ళని టెక్కలి వైపు ఎవర్నైనా కదిపి చూడండి. రైలు సంగతి రెండు మాటల్లో తేల్చేసి స్టేషన్లో ఎవరెవరు కూర్చునేవారో చెబుతారు.

ఇప్పుడు ఆ లైన్లో రోజుకి నడిచే బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక బండి వెళ్ళాక రెండోది వచ్చేదాకా ప్లాట్‌ఫారం, దాని ముందున్న జాగా, చెట్టు, కుళాయి అన్నీ ఖాళీ. నేను మాట్లాడేది ఆ ఖాళీ గంటల గురించే. రైలు వచ్చినప్పుడు ఏ స్టేషన్ అయినా సందడిగానే ఉంటుంది. రైలు లేనప్పుడు అక్కడ ఎవరు కూర్చున్నారు? ఈ పేజీలో మిగతాదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

మెట్రో, లైట్ రైల్, ట్రామ్... తేడా ఏంటి?

మెట్రోకి దారి పూర్తిగా తనదే, భూమి కిందో, స్తంభాల మీదో. ట్రామ్ రోడ్డులో మిగతా బండ్లతో కలిసి నడుస్తుంది, మన దేశంలో కలకత్తా ట్రామ్ లాగా. లైట్ రైల్ ఈ రెంటికీ మధ్యది. కొంత దూరం సొంత దారి, కొంత దూరం వీధి. కేంద్రం 2019లో మెట్రోలైట్ అని దీనికి ప్రమాణాలు ఇచ్చింది. రద్దీ గంటలో ఒక దిక్కుకి వెళ్ళే ప్రయాణికులు 15,000 మించని ఊళ్ళకి అది చాలన్నారు. అంతకన్నా చిన్న ఊళ్ళకి 2020లో మెట్రో నియో అన్నారు, అది రబ్బరు టైర్ల మీద నడుస్తుంది.

స్టేషన్ సంగతికొస్తే అసలు తేడా ఎత్తులో ఉంది. మన రైల్వేలో ఎత్తు ప్లాట్‌ఫారం పట్టాకి 76 నుంచి 84 సెంటీమీటర్ల పైన ఉంటుంది. కొత్త తరం లైట్ రైల్ ప్లాట్‌ఫారం 30, 35 సెంటీమీటర్లే, అంటే వీధి అరుగంత. అరుగంత ఎత్తు అనేసరికి మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అరుగు మీద కూర్చోడానికి ఎవర్నీ అడగక్కర్లేదు కదా.

భోగాపురం విమానాశ్రయానికి మెట్రో వేస్తే అప్పుడు చూసుకోవచ్చు కదా?

వేసినప్పుడు చూద్దాం. ఈలోగా ఉన్న స్టేషన్లు ఉన్నాయి.

అభివృద్ధి అంటే రంగులు, ఆర్చి, సెల్ఫీ పాయింటే కదా?

ఐ లవ్ అని ఊరి పేరు పెట్టిన ఎర్ర అక్షరాల దగ్గర జనం రెండు నిమిషాలు నిలబడతారు, ఫొటో దిగుతారు, వెళ్ళిపోతారు. అది తప్పని అనను. కానీ ఆ అక్షరాలకి పెట్టిన సొమ్ముతో ఎన్ని బెంచీలకి నీడ వచ్చేదో అని లెక్కేయకుండా ఉండలేను.

నేను పనిచేసిన ఒకచోట జరిగింది చెబుతాను, ఊరి పేరెందుకు లెండి. స్టేషన్ ముందు కొత్తగా స్టీలు బెంచీలు వేశారు. డ్రాయింగులో నేనే చూపించాను, తప్పులో నాకూ వాటా ఉంది. కాగితం మీద పశ్చిమాన ఒక వేపచెట్టు ఉంది. పని మొదలయ్యే నాటికి పార్కింగ్ కోసమని దాన్ని కొట్టేశారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూశాను. ఒక ముసలాయన భుజమ్మీది తువ్వాలు తీసి కుళాయి కింద తడిపి, పిండి, బెంచీ మీద పరిచి కూర్చున్నాడు. ఐదు నిమిషాలకి తువ్వాలు ఆరిపోయింది. మళ్ళీ లేచాడు, తడిపాడు, పరిచాడు. మూడోసారి బెంచీ వదిలేసి టికెట్ కౌంటరు గోడ నీడలో నేల మీదే చతికిలబడ్డాడు. ఆ బెంచీల ఫొటో ఆ నెల పేపర్లో బాగానే పడింది.

అప్పట్నుంచి నాకు ఒక పద్ధతి అలవాటైంది. ముందు నీడ ఎక్కడ పడుతుందో సున్నంతో గీస్తాను. పొద్దున పదింటికి ఒక గీత, రెండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి. ఆ మూడు గీతలు కలిసే చోట బెంచీ. మిగతా అలంకారం తర్వాత.

బెంచీ మధ్యలో చేతిరాడ్లు పెట్టాలా, వద్దా?

పెద్ద నగరాల్లో ఎవరూ పడుకోకుండా మధ్యలో రాడ్లు పెడతారు. మన స్టేషన్లలో రాత్రి రెండింటికి వచ్చే బండి కోసం సాయంత్రం ఆరింటికే వచ్చేవాళ్ళుంటారు. ఆఖరి బస్సు దాటితే ఊరి నుంచి రావడానికి వేరే దారి లేదు మరి. ఉద్దానం నుంచి, పాలకొండ వైపు నుంచి పనుల కోసం హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వెళ్ళేవాళ్ళు బియ్యం మూటతో, పిల్లలతో వస్తారు. వాళ్ళు పడుకుంటారు. పడుకోవాలి. వలస వెళ్ళేవాడికి సొంత జిల్లాలో ఆఖరి రాత్రి గడిచేది ఆ బెంచీ మీదే. వృద్ధులు లేచేటప్పుడు పట్టుకోడానికి చివర్లలో చేతిరాడ్లు చాలు.

బయట దేశాల్లో ఎక్కడైనా బాగా చేశారా?

చేశారు. అన్నీ మనకి పనికిరావు, పనికొచ్చేవి చెబుతాను.

ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ 1994లో ట్రామ్ తెచ్చింది. తెస్తూ తెస్తూ ఊరి నడిబొడ్డున ఉన్న క్లేబర్ కూడలిలోంచి కార్లని పంపించేసింది. దగ్గర్లోని ఓమ్ ద ఫేర్ స్టేషన్‌కి గుండ్రటి గాజు కప్పు వేశారు. ఆ కప్పు ఇప్పుడు ఊరికి గుర్తు. అదే దేశంలో నీస్ ఊరు 2007లో మసేనా కూడలిలో పైన తీగలే లేకుండా, బండిలోని బ్యాటరీతో ట్రామ్ దాటేలా చేసింది. తీగల్లేని ఆకాశం కోసం అంత ఖర్చు పెట్టారు! మన ఊళ్ళలో స్తంభం మీద కేబుల్ టీవీ వైర్ల గూడు చూసినప్పుడల్లా నాకు ఆ కూడలే గుర్తొస్తుంది.

నాకు ఎక్కువ నచ్చేది అమెరికాలో పోర్ట్‌లాండ్. నగరం మధ్యలో ఒక పార్కింగ్ కట్టడం ఉండేది. దాన్ని తీసేసి 1984లో పయనీర్ కోర్ట్‌హౌస్ చౌరస్తా కట్టారు. డబ్బు చాలక ఇటుకలు అమ్మారు. కొన్నవాళ్ళ పేరు ఇటుక మీద చెక్కారు. రెండేళ్ళకి, 1986లో, లైట్ రైల్ వచ్చి ఆ చౌరస్తాని ఆనుకునే ఆగింది. అంటే అక్కడ ముందు జనం చోటు, తర్వాత రైలు. మనవాళ్ళు గుడి మెట్ల మీద, రాతి బల్లల మీద దాతల పేర్లు చెక్కించడం ఎప్పట్నుంచో ఉన్నదే. సింహాచలం మెట్లెక్కేవాళ్ళకి ఇది వింతేం కాదు. స్టేషన్ ముందు జాగాకి ఆ పద్ధతి వాడొచ్చని మనకే తోచలేదు.

ఇంగ్లండులో మాంచెస్టర్ సెయింట్ పీటర్స్ స్క్వేర్ స్టాపుని 2016లో నాలుగు ప్లాట్‌ఫారాలకి పెంచి చుట్టూ కూడలిని విశాలం చేసింది. అదీ బాగుందంటారు. చలికాలం ఊరు, మన ఎండకి దాని పాఠాలు తక్కువ.

మన దేశంలో?

బెంగళూరు ఎం.జి. రోడ్డు మెట్రో కింద 2013లో రంగోలి అని ఒక నడకదారి, బొమ్మల గది, చిన్న రంగస్థలం కట్టారు. మెట్రో పనికి పాత నడకదారి చెట్లు పోయాయని జనం గోల చేస్తే, దానికి బదులుగా వచ్చింది. గోల చెయ్యడం వృథా కాదని ఇక్కడ నేర్చుకోవాలి. కొచ్చి మెట్రో 2017లో మొదలైనప్పుడు స్టేషన్ పనుల్లోకి కుటుంబశ్రీ (కేరళ పొదుపు సంఘాలు) మహిళల్నీ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్నీ తీసుకుంది. స్టేషన్‌లో ఎవరు పనిచేస్తున్నారన్నదాన్ని బట్టే అక్కడ ఎవరికి భయం ఉండదో తేలుతుంది. మన దగ్గర డ్వాక్రా సంఘాలు లేవా?

విజయనగరం స్టేషన్‌తో ఎక్కడ మొదలెట్టాలి?

గుడితో. పైడితల్లమ్మ వనంగుడి స్టేషన్ దగ్గరే ఉంది. ఊళ్ళోకి దిగిన మనిషి ముందు అమ్మవారికి దణ్ణం పెట్టుకునే ఆటో ఎక్కుతాడు. అంటే స్టేషన్‌కి, గుడికి మధ్య ఒక నడక ఇప్పటికే ఉంది. దాన్ని ఎవరూ డిజైన్ చెయ్యలేదు, జనం కాళ్ళతో గీసుకున్నారు. మనం చెయ్యాల్సిందల్లా ఆ గీత మీద ఆటోలు అడ్డం పెట్టకుండా చూడటం, రెండు వైపులా నీడ, మధ్యలో ఎక్కడా మెట్టు లేకుండా ఒకే చదును. చెప్పులు వదిలే చోట కాళ్ళు కడుక్కోడానికి ఒక కుళాయి.

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. ఆ ఒక్క రోజుకి లక్షల్లో జనం వస్తారు, సగం మంది రైల్లో దిగుతారేమో అనిపిస్తుంది ఆ తొక్కిడి చూస్తే. డిజైన్ చేసేవాళ్ళు ఆ రోజుని లెక్కలోకి తీసుకోవాలి, కానీ ఆ రోజు కోసమే కట్టకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. లక్షమంది పట్టే ఖాళీ సిమెంటు మైదానం మిగతా 364 రోజులూ పెనంలా కాలుతుంది. చెట్ల వరసల మధ్య జాగా వదిలితే జాతర నాడు జనం చెట్ల మధ్య నిలబడతారు, మామూలు రోజుల్లో కూర్చుంటారు.

ఇంకో సంగతి, రైలుపట్టా ఊరిని రెండు చేస్తుంది. విజయనగరం పాత జంక్షన్. 1931లో రాయపూర్ లైను పూర్తయ్యాక పట్టాలు మరీ ఎక్కువయ్యాయి. అటు ఇళ్ళు, ఇటు బజారు ఉన్న ఏ ఊళ్ళోనైనా పాదచారుల వంతెన ప్లాట్‌ఫారంలో ఆగిపోకుండా రెండు వైపులా వీధిలోకి దిగాలి, టికెట్ లేనివాడు కూడా దాటగలగాలి. అలా చేస్తే స్టేషన్ దానంతటదే దారి అవుతుంది. దారి అయిన చోట ఒక టీ కొట్టు వస్తుంది, దాని పక్కన ఇస్త్రీ బండి వస్తుంది, ఆ రెంటి మధ్య నలుగురు నిలబడి పేపరు చదువుతారు.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఊరికి దూరం కదా. అక్కడ రచ్చబండ ఎవరికి?

ఆమదాలవలసవాళ్ళకి! పేరులో శ్రీకాకుళం ఉంది కాబట్టి అది శ్రీకాకుళం స్టేషన్ అనుకుంటాం. బ్రిటిషు కాలంలో చికకోల్ రోడ్ అనేవారు. ఊరికి పది కిలోమీటర్లకి పైగా దూరం కాబట్టే ఆ ‘రోడ్డు’ అన్న తోక. నిజానికి ఆమదాలవలస ఊరి మధ్యలోనే ఉంది. శ్రీకాకుళం వెళ్ళేవాడు బండి దిగి ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళిపోతాడు, అరసవల్లి వెళ్ళేవాడూ అంతే. ఉండిపోయేది ఊరివాళ్ళు. సాయంత్రం నడకకి వచ్చే పెద్దలు, ట్యూషన్ అయ్యాక సైకిళ్ళు ఆపుకునే పిల్లలు. కాబట్టి అక్కడ వెయిటింగ్ హాలు కంటే ముందు జాగా ముఖ్యం. వెళ్ళిపోయేవాళ్ళకి ఒకే ఒక్కటి కావాలి: శ్రీకాకుళం ఆటో ఎక్కడ, ఎంత, ఆఖరి బస్సు ఎన్నింటికి అన్నది పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఒడియాలో, హిందీలో. అది రాసిన బోర్డు ఉంటే గదమాయింపులు సగం తగ్గుతాయి.

ముందర తోపుడు బండ్లు, గంపలవాళ్ళని ఖాళీ చేయించకుండా అభివృద్ధి ఎలా?

ఇది అందరూ అడిగేదే. కాస్త నిదానంగా చెప్పాలి.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి, సర్వే చెయ్యకుండా ఎవర్నీ తీసెయ్యకూడదు. బాగుంది. కానీ ఆ చట్టంలోనే ఒక మాట ఉంది: రైల్వే జాగాకి, రైళ్ళకి ఇది వర్తించదు. రైల్వే చట్టంలోని 144వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా రైల్వే ఆవరణలో అమ్మడం నేరం. అంటే గేటు బయట మున్సిపాలిటీ రోడ్డు మీద గంప పెట్టుకున్న మనిషికి హక్కు ఉంది, నాలుగడుగులు లోపలికి జరిగితే లేదు. ఆ గీత నేల మీద ఎక్కడుందో అమ్మేవాళ్ళకి తెలీదు, ఒక్కోసారి తరిమేవాళ్ళకీ తెలీదు.

నేను చూసిన ఒకావిడ సంగతి. వేసవిలో చోడి (రాగి) అంబలి అమ్ముతుంది. అల్యూమినియం డేక్సా, దానికి తడి గోనె చుట్టి ఉంటుంది, పైన ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు. పొద్దున్నే చింతచెట్టు కింద ఉంటుంది, అది బయట. తొమ్మిది దాటాక నీడ జరుగుతుంది, ఆవిడా జరుగుతుంది. పదకొండింటికి నీడ మొత్తం లోపలి జాగాలో ఉంటుంది. అప్పుడు విజిల్ వినిపిస్తుంది. ఆవిడ డేక్సా ఎత్తుకుని ఎండలోకి వెళ్తుంది. ‘నీడకి తెలుస్తదా బాబూ ఎవులి జాగా ఏదో’ అంది నాతో. ఆ మాటకి నా దగ్గర డ్రాయింగు లేదు.

చెయ్యగలిగింది ఉంది. రైల్వే, మున్సిపాలిటీ కలిసి కూర్చుని గీతకి బయటి వైపున ఆరడుగుల పట్టీ ఒకటి నీడతో సహా అమ్మేవాళ్ళకి వదలాలి. నీళ్ళు, చెత్తబుట్ట, రాత్రికి దీపం ఇస్తే చాలు, కొట్లు కట్టించక్కర్లేదు. కొట్లు కట్టిస్తే అద్దె కట్టగలిగేవాడు వస్తాడు, ఆవిడ పోతుంది. 2020 నుంచి వీధి వ్యాపారులకి పీఎం స్వనిధి కింద అప్పు ఇస్తున్నారు, మొదటి విడత మొదట్లో 10,000 రూపాయలు, 2025లో దాన్ని 15,000 చేశారు. గుర్తింపు కార్డు ఉంటే అది దొరకడం తేలిక. లోపలి వైపు రైల్వేవారి ‘ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి’ స్టాళ్ళు ఉన్నాయి. మన జిల్లాల్లో సరుక్కి లోటేముంది? పొందూరు ఖద్దరు, బుడితి ఇత్తడి, బొబ్బిలి వీణ, పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర. తాండ్ర ముక్క కోసి రుచి చూపించే మనిషి ఉంటే ఆ స్టాలు చుట్టూ జనం ఉంటారు. అద్దాల పెట్టెలో పెడితే ఉండరు.

ప్లాట్‌ఫారం టికెట్ కొనాల్సిన చోటు అందరి చోటు ఎలా అవుతుంది?

అవదు. పది రూపాయలు, రెండు గంటలు. లైట్ రైల్ ఊళ్ళలో చాలాచోట్ల గేట్లు ఉండవు, టికెట్ బండిలో చూస్తారు, అందుకే ప్లాట్‌ఫారం వీధిలో కలిసిపోతుంది. మన దగ్గర 25,000 వోల్టుల తీగ కింద, నూరు కిలోమీటర్ల పైన దూసుకెళ్ళే బండ్ల పక్కన జనాన్ని ఊరికే కూర్చోమని నేనూ అనను. లైట్ రైల్ తీగలో మామూలుగా 750 వోల్టులే, బండి కూడా జనం మధ్య సైకిలు వేగంతో పోతుంది. కాబట్టి మెయిన్ లైన్ స్టేషన్లలో టికెట్ గీతని ఎంత వీలైతే అంత లోపలికి, పట్టాల దగ్గరికి జరపాలి. వంతెన, మరుగుదొడ్డి, మంచినీళ్ళు, పుస్తకాల కొట్టు గీతకి బయట ఉండాలి. నౌపడా–గుణుపూర్ లాంటి లైన్లో చిన్న స్టేషన్ల దగ్గర అసలు గోడ అవసరమా అని కూడా అడగాలి.

ఏ చెట్టు నాటాలి?

కానుగ, వేప, రావి, చింత. రావికి చుట్టూ అరుగు కట్టండి, మిగతాది ఊరు చూసుకుంటుంది. విమానాశ్రయాల ముందు కనిపించే ఖర్జూరపు వరసలు వద్దు, వాటి నీడలో పిల్లి కూడా పడుకోదు. కోనోకార్పస్ ఊసెత్తకండి. పట్టా పైతీగకి దూరంగా నాటాలి, కొమ్మ విరిగితే తీగ మీద పడకూడదు.

తుపాను వస్తే ఈ కప్పులు, గుడారాలు నిలబడతాయా?

2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆ రాత్రి చూసినవాడెవడూ స్టేషన్ ముందు పల్చటి గుడ్డ కప్పు వెయ్యడు. కానీ పత్రికల్లో అందంగా కనిపించే డిజైన్లలో సగం అలాంటివే, ఎక్కడో గాలి లేని ఊళ్ళ నుంచి తెచ్చినవి. మనకి తక్కువ ఎత్తు, బరువైన కప్పు కావాలి. కింద నాలుగు వైపులా గాలి పోయేలా తెరిచి ఉండాలి. మంగళూరు పెంకు అందంగానే ఉంటుంది గానీ ఎగురుతుంది. నా ఓటు పల్చటి కాంక్రీటు కప్పుకి, పైన తెల్ల సున్నం పూతకి. తుపాను రాత్రి ఆ కప్పు కిందే చిక్కుకుపోయిన ప్రయాణికులు ఉంటారన్నది కూడా మర్చిపోకూడదు. ఎత్తైన అరుగు, జనరేటర్‌తో వెలిగే రెండు దీపాలు, ఫోను చార్జింగ్ పాయింట్లు ఉండాలి.

మరుగుదొడ్డి సంగతి?

అది సరిగా లేకపోతే ఈ పేజీలో మిగతాదంతా దండగ. ఆడవాళ్ళు నీళ్ళు తాగకుండా ప్రయాణం చేస్తున్నారు. కట్టడం కష్టం కాదు, కడగడం కష్టం. కడిగే మనిషికి నెలనెలా జీతం ఎవరిస్తారో తేలాకే పునాది తియ్యాలి.

రాత్రిపూట ఆడవాళ్ళు భయం లేకుండా ఉండాలంటే సీసీ కెమెరాలు చాలా?

కెమెరా జరిగాక చూపిస్తుంది. జరక్కుండా ఉండాలంటే మనిషి కళ్ళు కావాలి. రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండే టీ కొట్టు, మందుల షాపు, పూలమ్మాయి... వీళ్ళు నాలుగు కెమెరాల పెట్టు. దీపం గురించి ఒక మాట. ఎత్తు స్తంభం మీద ఒకే పెద్ద తెల్లదీపం పెడితే దాని కింద వెలుగు, మిగతాచోట చిమ్మచీకటి, ఎదురొచ్చేవాడి ముఖం కనబడదు. మనిషి రెండింతల ఎత్తులో చిన్న దీపాలు ఎక్కువ పెట్టాలి, ముఖాలు కనబడాలి.

ఆటోలని ఏం చెయ్యాలి?

తిట్టకండి. స్టేషన్‌లో అందరికంటే ఎక్కువసేపు ఉండేది వాళ్ళే. వాళ్ళకీ నీడ, నీళ్ళు, ఒక వరస ఇస్తే గుమ్మానికి అడ్డం పడరు. వరస గుమ్మానికి పాతికడుగుల దూరంలో మొదలవ్వాలి, చక్రాల కుర్చీ మాత్రం గుమ్మం దాకా రావాలి.

సాంస్కృతిక కార్యక్రమాలు పెడితే బాగుంటుందా?

జాగ్రత్తగా. ప్రారంభోత్సవం రోజు తప్పెటగుళ్ళ బృందాన్ని పిలిచి, ఎండలో గంటసేపు నిలబెట్టి, మంత్రిగారు రాగానే ఐదు నిమిషాలు ఆడించి పంపెయ్యడం సంస్కృతి కాదు. విజయనగరంలో 1919 నుంచి మహారాజా వారి సంగీత కళాశాల ఉంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు, ఘంటసాల చదువుకున్నది అక్కడే. అక్కడి పిల్లలు వారానికో సాయంత్రం మైకు లేకుండా స్టేషన్ ముందు అరుగు మీద సాధన చేసుకుంటే చాలు. వినేవాళ్ళు వింటారు, బండి వస్తే లేచిపోతారు. మైకు పెడితే రైలు ప్రకటన వినబడదు, ఎవరిదో బండి తప్పుతుంది, మర్నాటి నుంచి పాటకి చెడ్డపేరు.

ఖర్చు ఎవరిది?

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద 508 స్టేషన్లకి ఒకేసారి శంకుస్థాపన చేశారు. మనవైపు నుంచి విజయనగరం, పలాస అందులో ఉన్నాయి. పథకం జాబితాలో శ్రీకాకుళం రోడ్డు, నౌపడా, బొబ్బిలి, చీపురుపల్లి కూడా ఉన్నాయి. స్టేషన్‌ని ఊరికి కేంద్రంగా చెయ్యాలని, ఊరి రెండు వైపుల్నీ కలపాలని ఆ పథకంలోనే రాశారు. అంటే మనం కొత్తగా అడిగేది ఏమీ లేదు, రాసిందే అడుగుతున్నాం. చిక్కు ఎక్కడంటే, ఆ సొమ్ము రైల్వే గీత దగ్గర ఆగిపోతుంది. గీత బయట రోడ్డు ఒకరిది, కాలువ ఇంకొకరిది, బస్టాపు ఆర్టీసీది. గ్రానైటు అరుగు దిగగానే మురికి కాలువలో కాలు పడేది అందుకే.

కుక్కలు?

ఉంటాయి. వాటికి ఆపరేషన్, టీకా మున్సిపాలిటీ పని. బిస్కెట్ మనం వేస్తూనే ఉంటాం.

కట్టాక అది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మాలాంటివాళ్ళం ఏం చెయ్యగలం?

లెక్కపెట్టండి. 1970ల్లో న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన కూడళ్ళలో కెమెరా పెట్టి జనం ఎక్కడ కూర్చుంటున్నారో గంటల తరబడి చూశాడు. తేలింది ఏమిటయ్యా అంటే, కూర్చోడానికి చోటున్న చోట కూర్చుంటున్నారని. నవ్వొస్తుంది గానీ, అప్పటిదాకా ఆ కూడళ్ళు గీసినవాళ్ళకి అది తట్టలేదు, నా స్టీలు బెంచీలకి తట్టనట్టే.

ఒక నోటుపుస్తకం చాలు. రైలు లేని గంట ఎంచుకోండి. ఉన్నవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరు, అరవై దాటినవాళ్ళు ఎందరు, పిల్లలు ఎందరు, నేల మీద ఎందరు, బెంచీ మీద ఎందరు. పేర్లు అక్కర్లేదు, ఫొటోలు అసలొద్దు. పని మొదలవక ముందు నాలుగు రోజులు, అయ్యాక నాలుగు రోజులు. ఆడవాళ్ళ సంఖ్య పెరగకపోతే గ్రానైటు ఎంత మెరిసినా నేను దాన్ని పాసు చెయ్యను.

నా పుస్తకంలో ఆఖరి పేజీ పోయిన వేసవిది, ఒక చిన్న స్టేషన్, మధ్యాహ్నం మూడు. బెంచీల మీద సున్నా. చింతచెట్టు కింద పదకొండు మంది, అందులో ఏడుగురు ఆడవాళ్ళు, ఒక మేక. అంబలి డేక్సా గీతకి లోపల ఉంది. విజిల్ వేసే ఆయన కూడా గ్లాసు పట్టుకుని ఉన్నాడు.